బారెడు చోటు

ఒక చినుకుల దేశంలో ఒక సన్నని దారి ఉండేది. ఆ దారిన రోజూ పొద్దున్నే ఒకావిడ సైకిలు తొక్కుకుంటూ వెళ్ళేది. ఆమె వెనకాల ఒకాయన కారులో వెళ్ళేవాడు.

ఈ కథ చెప్పడానికి నాకున్న అర్హత చిన్నది. నాకు కారు లేదు. సైకిలు ఉంది గానీ అది నా మాట వినదు. స్టాండు వేసి నిలబెట్టిన సైకిలు మీంచి కూడా పడ్డవాణ్ణి. అందుకని నడిచి వెళ్తాను. కార్లవాళ్ళూ తిట్టారు, సైకిళ్ళవాళ్ళూ తిట్టారు. ఇద్దరి చేతా సమానంగా తిట్లు తిన్నాను గనక, వాళ్ళ తగువు చెప్పడానికి తగినవాణ్ణని నన్ను నేనే నియమించుకున్నాను.

ఆ దారికి రెండు పక్కలా మనిషెత్తు పొదల కంచెలు. రెండు కార్లు ఎదురుపడితే ఒకటి కాస్త వెడల్పైన చోట ఆగి ఒదిగి నిలబడాలి. ఒదిగినవాళ్ళకి రెండోవాళ్ళు స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తి చూపేవారు. మీ దయ అని దాని అర్థం. ఆ దేశంలో అంతకంటే ఎక్కువ మాట్లాడితే చుట్టరికం కలుపుకున్నట్టే. కార్లవాళ్ళు కార్లవాళ్ళకి ఆ వేలు ఎత్తేవారు. సైకిళ్ళవాళ్ళకి ఎత్తేవారు కాదు. ఎత్తినా, ఆ వేలు వేరు.

కారాయన చెడ్డవాడు కాడు. ఒంటరివాడు. ఇంట్లో సాలీడు కనబడితే దాని మీద గ్లాసు బోర్లించి, కిందికి అట్టముక్క తోసి, తోటలో వదిలి, "వర్షమొస్తోంది, ఆకు కిందికి వెళ్ళు" అని చెప్పి మరీ వచ్చేవాడు. అలాంటి మనిషికి కారు తలుపు మూసుకోగానే ఏదో అయ్యేది. ఆయనలో కొంత భాగం తలుపు బయటే ఉండిపోయేది. ముందు వెళ్తున్నది మనిషని తోచేది కాదు. అదొక వీపు. తన దారికి అడ్డంగా ఊగుకుంటూ పోయే తడిసిన వీపు.

"పన్ను కట్టేది మేము! ఈ దారి మీ తాతగారు వేయించారా?" అని అరిచేవాడు, అద్దం పూర్తిగా బిగించుకుని. ఆమెకి ఆ మాట వినబడేది కాదు. హారన్ వినబడేది.

సైకిలావిడకి కొండ అవతలి ఊళ్ళో, రొట్టెలు కాల్చే కొట్లో పని. అక్కడికి బస్సు లేదు, వేరే దారీ లేదు. వెళ్ళాలి, పని చేయాలి, సాయంత్రానికి ఎముకలన్నీ ఎక్కడివక్కడ ఉండగా కూతురి దగ్గరికి తిరిగి రావాలి. ఆమె కోరిక అంతే. కార్లేమో ఆమె మోచేతికి జానెడు దూరంలోంచి దూసుకుపోయేవి. ఆమెకి కావలసింది బారెడు. నోటితో అడిగితే వినేవాళ్ళు లేరు కాబట్టి కుడి చెయ్యి బారుగా చాపి అడిగి చూసింది. కుడివైపు తిరుగుతోంది కాబోలనుకుని, తిరగనందుకు మరింత విసుక్కున్నారు.

కూతురికి బడి వయసు వచ్చింది. బడి కూడా ఆ దారిలోనే. సైకిలు వెనక ఒక చిన్న కుర్చీ బిగించి, నెత్తిన ఎర్ర ఊలు టోపీ పెట్టి, పాపని అందులో కూర్చోబెట్టింది.

ఆ రోజు కార్లన్నింటికీ బుద్ధొచ్చింది. వెనకే ఓపిగ్గా వచ్చి, వెడల్పైన చోటు దొరికాక, అవతలి పొదలు ఒంటికి గీసుకుంటున్నా సరే, బారెడు దూరం వదిలి వెళ్ళాయి. కారాయన అయితే దాటేటప్పుడు స్టీరింగు మీంచి వేలు ఎత్తాడు. ఆమెకి కాదు, పాపకి. పాపకి ఆ దేశపు మర్యాద ఇంకా తెలియదు. ఐదు వేళ్ళూ ఎత్తి ఊపింది. ఆ రోజంతా కారాయన ఆఫీసులో కారణం లేకుండా ఈల వేశాడు.

పిల్లలకి పెరగడమొక్కటే పని. పాప పెద్ద బడికి మారింది. అది ఇంటి దగ్గరే. స్నేహితురాళ్ళతో నడిచి వెళ్ళడం మొదలుపెట్టింది. సైకిలావిడ కుర్చీ విప్పి కొట్టంలో పెట్టేసింది.

మర్నాడే జానెడు తిరిగొచ్చింది. ఒక కారు పక్కకి పొడుచుకొచ్చిన అద్దం ఆమె చేతికి తగిలి, సైకిలుతో సహా ఆమెని పొదల్లోకి నెట్టింది. కారు ఆగలేదు. ఆమె దురదగొండి ఆకుల మధ్య కూర్చుని ఆలోచించింది. దారి అదే, సైకిలు అదే, తనూ అదే. తగ్గిందల్లా ఒక టోపీ.

ఆ యేడు ఆమె పెరట్లో గుమ్మడి బాగా కాసింది. ఒక కాయని కుర్చీలో కట్టి, పాపకి పొట్టైపోయిన కోటు తొడిగి, ఎర్ర టోపీ పెట్టింది.

"అమ్మా, నాకంటే లావుగా ఉందే," అంది కూతురు.

"ఆ వయసులో నువ్వూ అంతే. మెడ ఉండేది కాదు."

బారెడు తిరిగొచ్చింది. మన వైపు కొత్త ఇంటి ముందు గుమ్మడికాయ కట్టేది దిష్టి తగలకుండానే కదా. అక్కడ కూడా అది చేసింది ఆ ఉద్యోగమే.

ప్రతి యేడూ ఒక కొత్త కాయ కోటు తొడుక్కునేది. దారిన పోయే ఆ పిల్ల ఎన్నాళ్ళకీ పెరగడం లేదని ఎవరికీ తోచలేదు. నేను వాళ్ళని తప్పు పట్టను. నా జుట్టు పోయిన సంగతి మంగలి చెబితే గాని నాకు తెలియలేదు. పాప చెయ్యి ఊపడం మానేసిందని మాత్రం కారాయన గమనించాడు. సిగ్గు నేర్చిందనుకుని, తన వేలు తను ఎత్తుతూనే ఉన్నాడు.

ఒక చలికాలం పొద్దున ఆయన ఇంకో సంగతి గమనించాడు. పొదల మీద మంచు పేరుకుంది. పాప కోటు చేతులు ఖాళీగా వేలాడుతున్నాయి. చలికి పాపం చేతులు లోపలికి ముడుచుకున్నట్టుంది. తొడుగులైనా లేవు. ఆ తల్లికి కళ్ళు లేవా?

మర్నాడు ఆయన ముందే బయలుదేరి, వెడల్పైన చోట కారు ఆపి, దిగి నిలబడ్డాడు.

మలుపు తిరిగిన సైకిలావిడకి ఆగి ఉన్న కారు, దాని పక్కన దారి కాచి నిలబడ్డ మనిషి కనబడ్డారు. ఇన్నేళ్ళ హారన్లు ఇవాళ కారు దిగి వచ్చాయనుకుంది. వెనక్కి తిప్పుకుని పోయేంత వెడల్పు దారికి లేదు. దిగి, సైకిలుని తనకీ ఆయనకీ మధ్య అడ్డంగా పట్టుకుంది.

ఆయన జేబులోంచి రెండు బుల్లి ఊలు తొడుగులు తీశాడు. ఎర్రవి. టోపీకి జత.

"పాప చేతులు గడ్డకట్టుకుపోతున్నాయమ్మా," అన్నాడు. "ఏమీ అనుకోవద్దు. నేనే తొడుగుతాను."

ఆమె వద్దనేలోగా వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"ఇది గుమ్మడికాయ."

"అవునండీ."

"ఇన్నాళ్ళూ నేను గుమ్మడికాయకా తప్పుకున్నది?"

"చాలా మర్యాదగా తప్పుకున్నారు."

"వేలు కూడా ఎత్తాను!"

"చూశానండీ. నాకు కాదని తెలుసు, అయినా బావుండేది."

ఆయన లేచాడు. ముఖం టోపీ రంగుకి వచ్చింది. "మోసం కదమ్మా ఇది?"

ఆమె కోటు చెయ్యి పైకి లాగి చూపించింది. మోచేతి మీద పొడుగాటి మచ్చ. "కాయ లేని రోజుది. మీ కారు అద్దమో, ఇంకొకరి అద్దమో తెలియదు. అన్నీ ఒకలాగే తగులుతాయి."

ఆయన ఆ మచ్చని చూశాడు. తర్వాత తన కారు అద్దాన్ని చూశాడు. ఆ తర్వాత ఆమె ముఖం చూశాడు. ఆ ముఖం నలభై దాటింది, చలికి ముక్కు కారుతోంది, భయపడుతోంది. ఇన్నేళ్ళలో ఆయన ఈ వైపు ఎప్పుడూ చూడలేదు.

"అసలు పాప ఏదీ?" అన్నాడు మెల్లగా.

"పెద్దదైంది. నా చెప్పులు వేసుకుని తిరుగుతోంది."

"అయ్యో, నాకు చెప్పనే లేదు."

"మీరు అద్దం దించితే కదండీ."

ఆమె తొడుగుల వంకా, ఆయన వంకా చూసి, "మీరింత పొట్టిగా ఉంటారనుకోలేదు," అంది. "కారులో పెద్దగా కనిపిస్తారు."

ఆయనకి నవ్వొచ్చింది. రావద్దనుకున్నాడు గానీ వచ్చింది. ఆమెకీ వచ్చింది.

"ఈ పాపని నాకిస్తారా?" అన్నాడు.

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఎందుకూ, పులుసులోకా?"

"కాదు."

ఆమె ఆలోచించింది. కాయ పోతే తన వీపు మళ్ళీ వట్టి వీపు. కానీ గుట్టు తెలిసిపోయాక కాయ ఉన్నా లేనట్టే. ఈయన నలుగురికి చెబితే, ఆ నలుగురూ నవ్వుకుంటూ జానెడు దూరంలోంచే పోతారు. ఆమె కట్లు విప్పి, పసిపిల్లని అందించినట్టే అందించింది. ఆయనా అలాగే అందుకున్నాడు.

మర్నాడు ఆమె కుర్చీ లేకుండా బయలుదేరింది. గేటు దాకా వచ్చిన కూతురు, "అమ్మా, చెయ్యి జాగ్రత్త," అంది. కొండ మొదట్లోనే వెనక కారు చప్పుడు వినబడింది. ఆ చప్పుడు ఆమెకి తెలుసు. మోచేతులు ఒంటికి దగ్గరగా లాక్కుంది. హారన్ రాలేదు. చప్పుడు దగ్గరికీ రాలేదు. దాని వెనక ఇంకెవరో హారన్ కొట్టారు. అయినా కారు తొందరపడలేదు. కొండ ఎక్కినంతసేపూ ఆమె కాళ్ళు ఎంత మెల్లగా తిరిగాయో దాని చక్రాలూ అంత మెల్లగానే తిరిగాయి.

వెడల్పైన చోటు వచ్చింది. కారు అవతలి పొదలు గీసుకుంటూ, బారెడు కంటే ఎక్కువే వదిలి పక్కకొచ్చింది. ఆమె తల తిప్పి చూసింది. కారాయన పక్క సీట్లో, బెల్టు పెట్టుకుని, ఎర్ర టోపీతో గుమ్మడికాయ కూర్చుని ఉంది. కోటు చేతుల చివర తొడుగులు పిన్నీసులతో గుచ్చి ఉన్నాయి. కారు అద్దం దించి ఉంది. ఆయన స్టీరింగు మీంచి ఐదు వేళ్ళూ ఎత్తాడు.

చలికాలం పోయింది, వసంతం వచ్చింది. ఒక పొద్దున మళ్ళీ ఆ వెడల్పైన చోట కారు ఆగి ఉంది, ఆయన దిగి నిలబడి ఉన్నాడు. ఈసారి ఆమె సైకిలుని అడ్డం పెట్టుకోలేదు.

"పాప మెత్తబడిపోయిందమ్మా," అన్నాడు ఇబ్బందిగా. "ఇంకొకటి ఉంటుందా?"

"ఇంకా కావాలాండీ?"

ఆయన దారి వైపు చూశాడు. కారు తలుపు వైపు చూశాడు. అబద్ధం ఆడదామనుకుని మానేసినట్టున్నాడు.

"తలుపు మూసుకున్నాక నా సంగతి నాకు తెలుసు కదా," అన్నాడు. "కావాలి."

మర్నాడు ఆమె ఒక కాయ తెచ్చి ఇచ్చింది. కొట్టంలో దాచిన వాటిలో పెద్దవి ఇంకా మిగిలే ఉన్నాయి. ఇక ఆయనకి ఇంత చాలనుకుని, కొంచెం చిన్నది ఏరి తెచ్చింది. టోపీ దానికి కళ్ళ దాకా దిగింది.