పొలిమేరలో ఆగిన బండి

"'ఆ గట్టునోళ్లు అంటించుకున్యారు, ఆ గట్టునే చావనీ' అని పోలీసాయన చెప్పె గదా! ఇంకేంరా నీ బాధ?"

మఠం గేటుకు వీపు ఆనించి ఓబులేసు అరుస్తున్నాడు. సాటి శిష్యుడు నాగప్ప కూడా తగ్గలేదు.

"ఆ గట్టు పోలీసాయన గూడా మన గురించి అదే మాట అన్యాడు. మధ్యలో ఆ మనిషి వంతెన మీద పడుండాడు."

కరోనా వచ్చిన ఏడు అది. ఖండమంతా ఒకటే దగ్గు. ఒక సర్కారు అన్నీ మూసేసింది, ఇంకోటి రోగమే లేదంది, అందరూ కలిసి పక్కవాణ్ని వేలెత్తి చూపించారు. ఇక్కడ నది అవతల ఒక రాష్ట్రం, ఇవతల ఒకటి. మిరపకోతకు పోయి తిరిగొస్తున్న కూలీ ఒకడు జ్వరంతో రెండు చెక్‌పోస్టుల మధ్య చిక్కుకుపోయాడు. మఠం వెనక కొట్టంలో పెడదామని నాగప్ప అంటే, ఓబులేసు ససేమిరా అన్నాడు. వాడిదేం రాతిగుండె కాదు. లోపల ఎనభై దాటిన గురువు సిద్ధలింగ తాత ఉన్నాడు. ఆయన ఒక్కసారి దగ్గితే వీడికి రాత్రంతా కునుకు పట్టదు.

గొడవ విని తాత అరుగు మీదికొచ్చాడు.

"నువ్వే చెప్పు తాతా, తలుపులేసుకున్నోళ్లది రైటా, తెరిచినోళ్లది రైటా?" అన్నాడు ఓబులేసు.

సూటిగా జవాబు చెప్పే అలవాటు తాతకు లేదు.

"మా అవ్వ కాలంలో కలరా వచ్చె. అమ్మవారొచ్చిందనిరి. ఒక ఊరోళ్లు కొయ్యబండి చేసి, అమ్మవారి బొమ్మను కూచోబెట్టి, డప్పులు కొట్టుకుంటా పొలిమేర దాటించిరి. పక్కూరోళ్లు తెల్లారి చూసి గుండెలు బాదుకొని, వాళ్లూ ఆ పక్కూరికి తోసిరి. ప్రతి ఊరూ 'మనం గెలిచినాం' అనుకునె. బండి లాగిన చేతుల్తోనే ఇంటికొచ్చి అన్నం కలుపుకొనిరి. బండి వెళ్లిపాయె, కలరా మిగిలె.

హనుమాపురంలో తిప్పవ్వని ఒక ముసల్ది, బండికి అడ్డం కూచునె. 'అమ్మంటే మన ఇంటి ఆడబిడ్డ గాదా, ఒట్టి కడుపుతో సాగనంపుతారా? అవతలూరోళ్లేం పాపం చేసినారు? ఈడే ఉండనీ' అనె. 'దీనికి పొయ్యేకాలం' అని ఊరు తిట్టిపోసె. ఆమె కదల్లే. బండి చుట్టూ కంప వేయించి, లాగినోళ్లను కళ్లంలోనే ఉండమని, గంజి కాచి దూరంగా పెట్టె. ఆ ఊర్లో కొందరు పోయినారు. తిప్పవ్వ గూడా పాయె. బండి మాత్రం ముందుకు పోలే. అవతలి ఊర్లోళ్లకు ఇట్ల ఒకామె ఉన్యట్టే తెలీదు."

"అంటే ఆమె తలుపు వేసినట్టా, తీసినట్టా?"

తాత తువ్వాలు మూతికి చుట్టుకున్నాడు.

"నాకోసమని ఆ మనిషిని ఆడనే వదిలేస్తే, బండిని నా పేరు చెప్పి తోసినట్టు గాదా నాయనా?"

నాగప్ప అప్పటికే కొట్టం ఊడుస్తున్నాడు. ఓబులేసు మాత్రం గేటుకు ఆనించిన వీపు తియ్యలేదు. వాణ్ని అనేముందు ఒక్కమాట చెప్పండి: లోపలున్న ముసలాయన మీ తాతే అయితే, మీరేం చేసుండేవాళ్లు?