పాలలో వేలు

"ఇంకెంతసేపు ఆగమని రాయాలి సిస్టర్?"

శౌరి అడిగింది అదొక్కటే. అడిగి తల వంచుకున్నాడు.

మఠంలో చేరకముందు సిస్టర్ ఆగ్నేస్ ఇంజనీరు. ఆ మిషన్ ఆసుపత్రికి కంప్యూటర్లు వచ్చిన నాటి నుంచీ వాటి ఆలనాపాలనా ఆమెదే. శౌరి ఆమె దగ్గర పని నేర్చుకుంటున్నవాడు. సర్వర్ చూసుకోవడం, బ్లడ్ బ్యాంక్ కిటికీ దగ్గర కూర్చోవడం, రెండూ అతని పనులే.

ఏ రక్తం ఎంత ఉందో ఆ వివరమంతా సర్వర్ లోపల డేటాబేస్‌లో ఉంటుంది. సిస్టర్ దాన్ని కొట్టు అనేవారు. అడిగిన ప్రతిసారీ కొట్టు దాకా పోయి రావడం ఆలస్యం కనుక, చేతికందేట్టు ముందే తెచ్చి పెట్టుకునే చోటు ఇంకొకటి ఉంది. దాని పేరు కాష్. సిస్టర్ భాషలో గూడు. కిటికీ దగ్గరి తెర మీద కనిపించేది గూట్లో ఉన్నదే.

కరెంటు పోయినా సర్వర్‌ని నిలబెట్టాల్సిన బ్యాటరీలు ముసలివైపోయాయి. కరెంటు పోతే, జనరేటర్ అందుకునేలోపే సర్వర్ కూడా పడుకునేది. వచ్చాక కొట్టూ గూడూ ఒకేసారి నిద్ర లేచేవి. గూడు చిన్నది, గభాల్న లేచేది. కొట్టు పెద్దది, ఒళ్లు విరుచుకుని లేచేది. కొట్టు తలుపు తెరుచుకోకముందే గూడు పోయి చూసి, ఏమీ కనపడక, ఏమీ లేదనే రాసుకునేది.

శౌరి దీనికి మందు కనిపెట్టాడు. గూడుని అరనిమిషం ఆగి లేవమని రాశాడు. బాగానే పనిచేసింది. "ఇంతేనా సిస్టర్! ఈ మాత్రానికా మీరు ఇన్నాళ్లూ బెంగపడ్డది?" అని నవ్వాడు కూడా.

సిస్టర్ నవ్వలేదు. "చూద్దాం నాయనా" అన్నారు.

మొన్న గాలివానకి కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయింది. పని మధ్యలో కూలబడిన కొట్టు, ఈసారి లేస్తూనే చిందరవందరైనదంతా సర్దుకుంటూ కూర్చుంది. అరనిమిషం అయిపోయింది. గూడు లేచింది. చూసింది. సున్నా అని రాసుకుంది.

అప్పుడే సామ్రాజ్యం వచ్చింది. నెలనెలా రక్తం ఎక్కితే గాని నిలవని పిల్ల ఆమెది. పిల్లని భుజాన వేసుకుని కిటికీలోంచి అడిగింది.

"ఓ నెగటివ్ ఉందా అయ్యా?"

శౌరి తెర చూశాడు. "లేదమ్మా."

ఫ్రిజ్ అతని వీపు వెనకే ఉంది. వెనక్కి తిరగలేదు.

ఆమె మారుమాట అడగకుండా పట్నం బస్సెక్కింది. దారిలో పిల్ల కళ్లు తేలేసింది. సాయంత్రానికి అక్కడ రక్తం దొరికింది, పిల్ల దక్కింది. ఇక్కడ మధ్యాహ్నం ఇంకెవరి కోసమో ఫ్రిజ్ తెరిస్తే, ఆ పిల్లకి కావలసిన ప్యాకెట్ పై అరలోనే ఉంది.

మర్నాడు శౌరి ఫోన్ చేశాడు. సామ్రాజ్యం తిట్టనైనా తిట్టలేదు. "లేదన్నావు, లేదనుకున్నానయ్యా. కంప్యూటర్ మిషను అబద్ధమాడుద్దని ఎవరనుకుంటారు?" అంది.

ఆ మాట విన్న దగ్గర్నుంచి అతనికి అన్నం సయించడం లేదు.

"నిమిషం చాలదా? ఐదు పెట్టమంటారా? పది పెట్టేస్తే పీడా పోతుందా?" మళ్లీ అడిగాడు.

"రా, వంటింట్లో పనుంది" అన్నారు సిస్టర్.

మఠం వంటింట్లో పెద్ద గిన్నెడు గేదెపాలు అప్పుడే పొంగి, పొయ్యి దిగాయి. వంట చేసే మార్తమ్మ శౌరిని చూసి నోరు నొక్కుకుంది.

"కంప్యూటరయ్య వంటింట్లో కాలు పెట్టాడు. రేపు మజ్జిగన్నానికి నీళ్లే గతి!"

సిస్టర్ తోడు గిన్నె అతని చేతికిచ్చారు. "నేనూ మార్తమ్మా జపమాల చెప్పుకుని వస్తాం. వేళ చూసి తోడు వెయ్యి. అదిగో గడియారం" అని గోడ మీదకి చూపించి, మార్తమ్మని వెంటబెట్టుకుని వెళ్లిపోయారు.

శౌరి వాళ్లింట్లో పాడి ఉంది. ఈ పని అతనికి కొత్త కాదు. చెయ్యి శుభ్రంగా కడుక్కున్నాడు. పాల మీంచి ఆవిరి లేస్తోంది. మీగడ కట్టడం మొదలైంది. దాన్నే చూస్తూ నిలబడ్డాడు. చూస్తున్నది పాలనే, కనిపిస్తున్నది మాత్రం బస్సు. బస్సులో తల వాల్చేసిన పిల్ల.

కాసేపటికి చిటికెన వేలి కొస పాలకి ఆనించాడు. చుర్రుమంది. ఊదుకున్నాడు.

వాన వెలిసిన సాయంత్రం, కిటికీలోంచి చల్లగాలి వస్తోంది. మళ్లీ ఆనించాడు. ఇంకా వేడే. ఆగాడు. గుడిలోంచి ప్రార్థన వినిపిస్తోంది, ఒకరు అందుకుంటే పదిమంది బదులు చెబుతున్నారు. మళ్లీ వేలు పెట్టాడు. ఈసారి వేలికి హాయిగా ఉంది. గోరువెచ్చన. తోడు వేసి, గరిటెతో ఒకసారి తిప్పి, మూత పెట్టాడు.

సిస్టర్ తిరిగి వచ్చారు.

"వేశావా?"

"వేశాను సిస్టర్."

"టైమెంతైంది?"

శౌరి గోడ మీదికి తలెత్తాడు. గడియారం ఆగిపోయి ఉంది. ముళ్లకి బూజు పట్టి ఉంది.

"తపస్సుకాలంలో, ఈస్టరు పండక్కి ముందే ఆగిపోయింది" అంది మార్తమ్మ వెనక నుంచి. "దానికి బ్యాటరీ తెమ్మని అడిగినవాళ్లే లేరు."



సిస్టర్ గిన్నెకి చెయ్యి ఆనించి చూసి, మూత సరిచేశారు.

"మరి నీ గూటికి వేలు లేదా నాయనా?"

మర్నాడు పొద్దున్నే శౌరి తను రాసిన అరనిమిషం చెరిపేశాడు. గూడు లేవగానే కొట్టు తలుపు తట్టాలి. పలక్కపోతే ఆగి మళ్లీ తట్టాలి. కొట్టు 'లేచాను' అన్నాకే లోపలికి పోయి, నింపుకోవాలి. గూడు నిండాకే కిటికీ పని మొదలవ్వాలి. అలా రాసి, కరెంటు తీసి వేసి చూసుకుని, సిస్టర్‌ని పిలిచాడు.

ఆమె నిలబడే అంతా చదివారు. తలూపారు. వెళ్లబోతూ ఆగారు.

"అప్పటిదాకా ఎవరన్నా వచ్చి అడిగితే తెర ఏం చూపిస్తుంది?"

"ఏముంటుంది సిస్టర్, ఇంకా నిండలేదు కదా. సున్నా ఉంటుంది."

సిస్టర్ అతని ముఖంలోకి చూశారు. "మొన్న సామ్రాజ్యం అడిగినప్పుడు కనిపించింది కూడా అదే కదూ" అన్నారు. అని తన దారిన తాను పోయారు.

శౌరి లేవబోయినవాడు మళ్లీ కూర్చున్నాడు. ఆ పూట భోజనానికి కూడా రాలేదు.

నెల తిరిగింది. సామ్రాజ్యం పిల్లని తీసుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. పిల్ల ఈసారి నడిచే వచ్చింది, చేతిలో జామకాయ ఉంది. వాళ్లు బల్ల మీద కూర్చున్నారో లేదో, కరెంటు పోయింది. జనరేటర్ అందుకుంది. తెర వెలిగింది. సామ్రాజ్యం కిటికీ ఊచలు పట్టుకుని, కూడబలుక్కుంటూ పైకే చదివింది.

"ఇంకా... తెలియదు. కాసేపు... ఆగండి." చదివి కిసుక్కున నవ్వింది. "ఇదేందయ్యా, మీ మిషను తెలవదంటంది! పోయినసారి అన్నీ తెలిసినట్టు మొహమ్మీదే చెప్పిందిగా."

"అప్పుడు దానికి ఆ మాట రాదమ్మా" అన్నాడు శౌరి.

"ఇప్పుడెవరు నేర్పారు?"

శౌరి వరండా వైపు చూశాడు. ఆ చివర సిస్టర్ ఎవరితోనో మాట్లాడుతూ నిలబడి ఉన్నారు.

సామ్రాజ్యం నవ్వు ఆపింది. పిల్ల తల మీద చెయ్యి వేసుకుంది. "దాని సంగతి సరే. నీకు తెలుసుద్దిగా. ఉందా అయ్యా, మా పిల్లకి?"

పొద్దున ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు అతను చూశాడు. పై అరలోనే ఉంది. 'ఉందమ్మా' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

నోరు మూసుకున్నాడు.

కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. ఫ్రిజ్ తలుపు తీశాడు. ప్యాకెట్ మీది చీటీ చదివాడు. చిటికెన వేలు దాని మీద ఆనించాడు. చల్లగా తగిలింది.

అప్పుడు వెనక్కి తిరిగాడు.