గుర్రం నొప్పిని ఎందుకు దాచుకుంటుంది

ఒకప్పుడు గుర్రానికి ఒంట్లో ఏ మూల నొప్పి పుట్టినా ఏడు గుట్టల అవతలి వరకూ తెలిసిపోయేది.

ఈగ కుట్టినా అరుపే. గిట్టలో గులకరాయి ఇరుక్కున్నా అరుపే. ఎండుగడ్డి గొంతులో గీరుకున్నా అరుపే. ఆ అరుపుకి నీటికోళ్ళు ఎగిరిపోయేవి, కుందేళ్ళు పొదల్లోకి దూరేవి. గేదెలు మాత్రం బురదలోంచి కదలకుండా, "మళ్ళీ మొదలెట్టారమ్మా ఈ గుర్రాలోళ్ళు" అని కళ్ళు మూసుకునేవి.

గుర్రాలన్నీ పెన్నేటి ఒడ్డున పెద్ద గడ్డిబీడులో ఉండేవి. వాటికి వైద్యం చేసేది ఓబులవ్వ.

ఓబులవ్వకు ఇల్లు లేదు. ఉన్నది ఒక గాడిద. దాని పేరు ఉప్పయ్య. దాని వీపు మీద రెండు వైపులా రెండు సంచులు వేలాడేవి. ఒక సంచిలో ఇంగువ, వాము, ఆముదం. ఇంకో సంచిలో గిట్టలు గీకే కొక్కెం, తడిగుడ్డలో చుట్టిన పొడుగాటి ఆకురాయి.

ఆకురాయి ఎందుకంటారా? గుర్రం పళ్ళు ఏళ్ళ తరబడి పైకి వస్తూనే ఉంటాయి. ఇసుక గడ్డి నమిలి నమిలి అరుగుతూనే ఉంటాయి. అన్నీ ఒకే తీరుగా అరగవు కదా! ఎక్కడో ఒక అంచు మిగిలిపోయి కత్తిలా తేలుతుంది. అది లోపల బుగ్గని కోస్తుంది. అప్పుడు ఓబులవ్వ మోచేతి దాకా గుర్రం నోట్లో చెయ్యి పెట్టి, ఆ అంచుని ఆకురాయితో గరగరా రాసి నున్నగా చేసేది. అంతసేపూ రెండో చేత్తో దాని గడ్డం కింద గోకుతూ, ముక్కుతో ఏదో కూనిరాగం తీసేది.

మరి ఇంత పెద్ద బీడులో ఎవరికి ఎప్పుడు నొప్పి పుట్టిందో ఆవిడకి ఎలా తెలిసేది?

బీడంతా వీచే గాలమ్మ చెప్పేది. మిరపకాయలు కోసే ఆడవాళ్ళలా ఒడి కట్టుకుని, ఎవరు అరిస్తే ఆ అరుపుని ఒడిలో వేసుకుని తెచ్చి ఓబులవ్వ చెవిలో పోసేది. కానీ గాలమ్మ ఒడిలో ఒక్కసారికి ఒక్క అరుపే పట్టేది.

గుర్రాలన్నింటిలోకీ పెద్ద గొంతు భేరిది. భేరి అరిచాడంటే గాలమ్మ ఒడి నిండిపోయి, ముడి ఊడిపోయేంత పని అయ్యేది.

"కాస్త తగ్గించి అరవయ్యా, నా నడుం పడిపోతోంది" అనేది గాలమ్మ.

"నా నొప్పి అలాంటిదమ్మా. నీకేం తెలుసు?" అనేవాడు భేరి.

అసలు సంగతి ఏమిటంటే, భేరికి అన్నిసార్లూ నొప్పి ఉండేది కాదు. ఓబులవ్వ వచ్చి గడ్డం కింద గోకితే బాగుండేది. ఆ కూనిరాగం బాగుండేది. మంద అంతా చుట్టూ చేరి "ఏమైంది, ఏమైంది" అని అడిగితే ఇంకా బాగుండేది. ఈ కథ చెప్పే నేను కూడా చిన్నప్పుడు మోకాలు ఇంత గీరుకుంటే అంత ఏడ్చినదాన్నే. అందుకే భేరిని చూసి నవ్వడానికి నాకు నోరు రాదు.

భేరికి ఒక చెల్లెలుంది. పేరు నేరేడు. నేరేడుపండు రంగులో ఉండేది. దానికి మూడు నెలల కూతురు, గువ్వ. గువ్వకి మామ అంటే ప్రాణం. "మామా, ఇంకోసారి అరువు మామా! గుట్ట మళ్ళీ పలకాలి" అని వెంటపడేది. తనూ అరిచి చూసేది. కానీ గువ్వ గొంతు సన్నం. మూరెడు దూరం పోయి గడ్డిలో పడిపోయేది.

ఒకరోజు పొద్దున నేరేడు, గువ్వ గుట్ట అవతల ఇసుకరేవు దగ్గర మేస్తున్నాయి. ముందు రోజు వాన పడింది. లేత గడ్డి వేళ్ళతో సహా ఊడి వస్తోంది. గువ్వ ఆశ కొద్దీ వేళ్ళనీ, వేళ్ళకంటిన ఇసుకనీ కూడా మింగేసింది. ఎండెక్కేసరికి కడుపు పట్టేసింది. పడుకుంది, లేచింది, మళ్ళీ పడుకుంది. కాళ్ళతో కడుపు తన్నుకుంది.

"అమ్మా, లోపల ఎవరో మెలిపెడుతున్నారు" అంది.

"అరువు తల్లీ, గట్టిగా అరువు! గాలమ్మకి వినపడాలి. ఓబులవ్వ వచ్చేస్తుంది" అంది నేరేడు.

గువ్వ అరిచింది. గాలమ్మ వంగి, ఆ సన్నటి అరుపుని జాగ్రత్తగా ఏరుకుని ఒడిలో వేసుకుంది. గుట్ట దాటి బయల్దేరింది.

గుట్టకి ఇవతల భేరి ఎండు సజ్జకంకి నములుతున్నాడు. ఇంత ఊక తునక ఒకటి పంటి సందులో ఇరుక్కుంది. నాలుకతో తోశాడు, రాలేదు. ఎగువన గాలమ్మ పోవడం కనిపించింది.

"గాలమ్మా! ఆగు, నాది కూడా తీసుకెళ్ళు!"

"ఇప్పుడే ఒకటి ఎత్తుకున్నానయ్యా. చిన్న గొంతు. దించేసి మళ్ళీ వస్తాను."

"చిన్న గొంతయితే చిన్న నొప్పే అయ్యుంటుంది. ముందు నాది మొయ్యి."

"కాసేపు ఓర్చుకోరాదూ?"

భేరి ఓర్చుకోలేదు. ఆ చిన్న గొంతు ఎవరిదని కూడా అడగలేదు. మెడ పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఒక్క అరుపు అరిచాడు. గుట్ట ఏడుసార్లు పలికింది. ఆ బరువుకి గాలమ్మ ఒడి ముడి జారింది. గువ్వ అరుపు కిందికి ఒలికి గడ్డిలో కలిసిపోయింది. భేరి అరుపు మాత్రమే మిగిలింది.

ఓబులవ్వ అప్పుడు రెండు దారులు కలిసే చోట కూచుని ఉప్పయ్యకి నీళ్ళు పెడుతోంది. కుడి దారి ఇసుకరేవుకి. ఎడమ దారి భేరి ఉండే మిట్టకి. గాలమ్మ రొప్పుతూ వచ్చి అరుపు చెవిలో పోసి, ఒలికినదాన్ని ఏరుకురావడానికి వెంటనే వెనక్కి పరిగెత్తింది.

"భేరిగాడే" అన్నాడు ఉప్పయ్య. "మొన్నే కదవ్వా పళ్ళన్నీ రాసొచ్చాం? వాడికేం ఉండదు. పద, కాసేపు నీడన కూచుందాం."

"ఎప్పుడూ ఉత్తిదే అని ఈసారి కూడా అనుకుంటే ఎలారా? నిజంగా నొప్పేమో" అంది ఓబులవ్వ. ఎడమ దారి పట్టింది.

మిట్ట మీద భేరి ముందే నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఓబులవ్వ లోపలికి చూసింది. చిటికెనవేలి గోటితో ఊక లాగింది.

"ఇదేనా?"

"చాలా బాధ పెట్టిందవ్వా" అన్నాడు భేరి.

"నా వీపు మీద రెండు సంచులున్నాయి, నేనేమన్నా అరుస్తున్నానా?" అన్నాడు ఉప్పయ్య.

ఓబులవ్వ నవ్వి వెనుదిరిగింది. భేరికి ఆవిడ అప్పుడే వెళ్ళిపోవడం నచ్చలేదు.

"అవ్వా, ఆ వెనక పన్ను కూడా కొంచెం గరుగ్గా ఉంది. పనిలో పని, అది కూడా చూడరాదూ."

ఓబులవ్వ ఆకురాయి తీసింది. గడ్డం కింద గోకింది. కూనిరాగం అందుకుంది. భేరి కళ్ళు అరమోడ్పులయ్యాయి. నీడలు పొట్టిగా అయిపోయాయి.

అప్పుడు గాలమ్మ వచ్చింది. ఒడి ఖాళీగా వేలాడుతోంది.

"ఓబులవ్వా, ఇసుకరేవు దగ్గర పొద్దున ఒక చిన్న గొంతు అరిచింది. నేను ఒలకబోశాను. మళ్ళీ వెళ్ళి చూస్తే ఇప్పుడు అరవడం లేదు."

"ఎవరిదే?"

"గువ్వది."

భేరి నోట్లో ఆకురాయి ఉండగానే కదిలాడు. ఓబులవ్వని వీపు మీద ఎక్కించుకున్నాడు. ఎప్పుడూ పరిగెత్తనంత పరుగు పరిగెత్తాడు. వెనక ఉప్పయ్య సంచులు ఎగిరెగిరి పడుతుంటే పడుతూ లేస్తూ వచ్చాడు.

గువ్వ ఇసుకలో పక్కకి పడుకుని ఉంది. చుట్టూ ఇసుకంతా దొర్లిన గుర్తులే. నేరేడు దాని మీద నీడపడేలా నిలబడి ఉంది.

ఓబులవ్వ మోకాళ్ళ మీద కూచుని గువ్వ పొట్టకి చెవి ఆనించింది. గుర్రం పొట్ట ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటుంది, గుడగుడమని. బాగున్న గుర్రం పొట్ట నిద్రలో కూడా ఊరుకోదు. ఓబులవ్వ ఈ వైపు విన్నది, ఆ వైపు విన్నది.

"పలకడం లేదు" అంది. "పేగు మెలిపడింది. పొద్దున్నే వచ్చి ఉంటే పడుకోనివ్వకుండా నడిపించేదాన్ని. ఇంగువ నీళ్ళు పట్టేదాన్ని."

అయినా ఇంగువ నీళ్ళు కలిపింది. పెదవులు తడిపింది. నీళ్ళు పక్కనుంచి కారిపోయాయి.

గువ్వ కళ్ళు తెరిచింది. భేరిని చూసింది.

"మామా, నీ అరుపు వినపడింది. చాలా నొప్పి పుట్టిందా?"

భేరి ముక్కు తెచ్చి దాని నుదుటికి ఆనించాడు.

"మామ అంత గట్టిగా అరుస్తున్నాడంటే పాపం ఎంత నొప్పో అని, నేను అరవడం ఆపేశాను. గాలమ్మకి ఒక్కటే పడుతుంది కదా. ముందు మామని చూడమని అమ్మతో చెప్పాను." కాసేపు ఊపిరి తీసుకుంది. "తగ్గిందా మామా?"

గువ్వ జవాబు కోసం చాలాసేపు చూసింది. తర్వాత చూడటం మానేసింది.

ఆ రోజు ఇసుకరేవు దగ్గర ఎవరూ గొంతెత్తలేదు. గేదెలు కూడా బురదలోంచి లేచి నిలబడ్డాయి.

నేరేడు అన్నని తిట్టలేదు. ఒక్క మాట అడిగింది. "ఎవరిదని అడిగావా అన్నా?"

"లేదు" అన్నాడు భేరి.

ఆ తర్వాత నేరేడు అన్నతో మాట్లాడలేదు.

పొద్దు వాలుతుండగా భేరి గాలమ్మ దగ్గరికి వెళ్ళాడు. "ఇకమీదట నా నొప్పి నువ్వు మొయ్యొద్దు. తోడు కోసం పిలుస్తాను, పులి వస్తే మందకి చెప్తాను. నొప్పికి మాత్రం నోరు తెరవను. నీ ఒడి చిన్న గొంతులకి వదిలేస్తున్నాను."

మంద కూడా తలలు వంచి, "మేమూ అంతే" అంది.

ఓబులవ్వకి కోపం వచ్చింది. "అరవొద్దని ఎవరన్నార్రా? అరిచే ముందు ఒక్క క్షణం చెవి పెట్టి వినండి, అంతే కదా! అందరూ నోరు మూసుకుంటే మీ నొప్పి నాకు ఎవరు చెప్తారు?"

భేరి వినలేదు. పొద్దున వినాల్సినప్పుడు వినలేదు, ఇప్పుడూ వినలేదు.

వానలు పోయాయి, చలి వచ్చింది. గాలమ్మ ఖాళీ ఒడితో తిరుగుతోంది. గుర్రాల దగ్గర్నుంచి ఒక్క అరుపూ లేదు.

"అందరూ బాగున్నట్టున్నారవ్వా" అన్నాడు ఉప్పయ్య.

"ఇంతమందికి ఒక్కసారిగా బాగుంటుందా? పద, చూసొద్దాం" అంది ఓబులవ్వ.

పిలవకుండా ఆవిడ బయల్దేరడం అదే మొదలు.

మిట్ట మీద భేరి నిలబడి ఉన్నాడు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. "ఏరా, ఎలా ఉన్నావ్?" అంటే తల తిప్పుకున్నాడు. తినడం లేదేమో అనుకుంటే, ఎదురుగా గడ్డి ఉంది, నములుతూనే ఉన్నాడు.

దూరంగా మేస్తున్న నేరేడు అప్పుడు మెల్లగా వచ్చింది. అన్న వైపు చూడలేదు. భేరి కాళ్ళ దగ్గర గడ్డిలో ఏదో ఉంటే గిట్టతో ఓబులవ్వ ముందుకి తోసింది. సగం నమిలి జారవిడిచిన గడ్డి ముద్ద. చూస్తే అలాంటివి చుట్టూ బోలెడు. కొన్ని ఎండిపోయాయి, కొన్నింటి మీద నెత్తురు చార ఉంది.

ఓబులవ్వ భేరి నోట్లో చెయ్యి పెట్టింది. వెనక పన్ను కత్తిలా పెరిగి బుగ్గని తూట్లు పొడిచింది. ఆ రోజు సరదాకి చూడమన్న పన్నే. ఆకురాయి సగంలో వదిలేసి పరిగెత్తిన పన్నే.

"ఎన్నాళ్ళయిందిరా ఇలా?"

భేరి తల బాగా కిందికి దించి, ఆవిడ భుజం మీద ఆనించాడు. ఓబులవ్వ ఆకురాయి తీసింది. గరగరా రాస్తున్నంతసేపూ వాడు కదల్లేదు, మెదల్లేదు. ఆవిడకి కూనిరాగం రాలేదు. గడ్డం కింద మాత్రం గోకింది.

నేరేడు పని అయ్యేదాకా అక్కడే నిలబడి, తర్వాత ఇసుకరేవు వైపు వెళ్ళిపోయింది.

అప్పటినుంచే గుర్రం నొప్పికి అరవదు. పన్ను బుగ్గని కోసినా, కడుపు మెలిపెట్టినా, మౌనంగా నిలబడుతుంది. అప్పటినుంచే గుర్రాల వైద్యులు పిలుపు కోసం కాచుకోకుండా, ఆకురాయి సంచి పట్టుకుని వాటి దగ్గరికే తిరుగుతారు. కింద పడ్డ గడ్డి ముద్దలు చూస్తారు. పొట్టకి చెవి ఆనించి వింటారు.

కావాలంటే మీరూ ఎప్పుడైనా గుర్రాన్ని చూడండి. దాని చెవులు ఊరుకోవు. ఒకటి ఇటు తిరుగుతుంది, ఒకటి అటు తిరుగుతుంది. గాలమ్మ ఒడిలోంచి ఒలికిపోయిన ఒక సన్నటి గొంతు కోసం గుర్రం ఇంకా వింటూనే ఉంది.