సివివానమ్మ వెలసిన తీరు

దక్షిణాఫ్రికాలోని నటాల్ సీమలో, చెరకు తోటల నడుమ మూడు బాటలు కలిసే మిట్టపై సివివానమ్మ ఆలయమున్నది. ఇక్కడ చెక్కిన విగ్రహం లేదు. రాళ్ల కుప్పపై పసుపు పూసిన నిలువురాయే అమ్మవారు. తెలుగువారూ, ఆ సీమవాసులైన జూలూలూ కూడా మొక్కే ఈ తల్లికి ఆ పేరెలా వచ్చిందని కొత్త భక్తులు అడుగుతుంటారు.

పూర్వం ఇక్కడ రాళ్ల కుప్ప మాత్రమే ఉండేది. విశాఖపట్నం నుండి ఓడలో చెరకు కూలికి వచ్చిన చింతాడ నరసమ్మ, ఒప్పందం తీరాక ఈ మిట్ట పక్కనే గుడిసె వేసుకుని కూరగాయలు పండించుకునేది. ఒక మధ్యాహ్నం కునుకులో అమ్మవారు కనిపించి, "మూడు బాటల కూడలిలో నన్ను నిలుపు" అని ఆనతిచ్చింది.

నరసమ్మ మరునాడే పూనుకున్నది. రాళ్లన్నీ ఏరి వాగులో పారబోసి, నేల అలికి ముగ్గు పెట్టింది. సాయంత్రానికి ముగ్గు మీద మళ్లీ రాళ్లు! దారిన పోయే జూలూలు ఒక్కొక్కరూ ఒక రాయి తీసి, దానిపై ఉమ్మి, అక్కడ వేసి పోతున్నారు. ఆమె ఎత్తిపోసింది. వారు మళ్లీ వేశారు. ముళ్లకంప అడ్డుపెడితే దానిని మర్యాదగా పక్కకు జరిపి మరీ వేశారు.

"ఏటమ్మా నీ ఆట? చోటు నువ్వే చూపిస్తివి, రాళ్లు వాళ్లచేత ఏయిస్తివి. నా నడుం ఇనపదనుకున్నావేటి?" అని ఆమె అమ్మవారినే నిలదీసింది.

ఒకనాడు మాంబాతా అనే జూలూ ముసలామె దూరపు కొండ నుండి వచ్చి, చదునైన నేలను చూసి కూలబడింది.

"ఇసివివానే ఏది?" అన్నది.

"ఆ ఉమ్మిరాళ్లా? వాగులో ఉన్నాయి" అని నరసమ్మ తనకు వచ్చిన కొద్దిపాటి జూలూలో విసుక్కున్నది.

"దూరం పోయేవాడు తన నోటి తడి తగిలిన రాయి ఇక్కడ పెట్టి పోతాడు, క్షేమంగా చేరాలని. నా కొడుకు బంగారు గనులకు పోతూ పెట్టాడు. రెండు వానాకాలాలైంది, కబురు లేదు."

తాను ఓడ ఎక్కిననాడు, తాను నిలుచున్న చోటి మట్టిని తన తల్లి కొంగున ముడివేసుకోవడం నరసమ్మ కళ్లముందు మెదిలింది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని వాగులోకి దిగింది.

"ముందే చెప్పి ఏడవకూడదా! మీవాడిది ఏది?"

"తెలియదు."

"తెలియదా! అయితే అన్నీ మోయాలి కదే!"

ఇద్దరూ రోజుల తరబడి రాళ్లు మోశారు. చివరకు వాగు బురదలో, నరసమ్మ ఎన్నడూ పారబోయని నిలువురాయి ఒకటి బయటపడింది. దానిని కుప్పపై నిలిపి ఆమె పసుపు పూసింది. మాంబాతా అమాసి అనే తమ పుల్లపెరుగును నైవేద్యంగా పోసింది. ఆమె నోటి ఇసివివానే, నరసమ్మ నోట సివివానమ్మ అయింది.

ఆ వానాకాలంలోనే మాంబాతా కొడుకు వచ్చాడు. గనుల దుమ్ముకు దగ్గుతూ, ఎముకల గూడై కుప్ప ముందు నిలిచాడు. తల్లి నోరు తెరిచేలోగా నరసమ్మ అందుకున్నది. "ఇన్నాళ్లకు గుర్తొచ్చిందేట్రా అమ్మ? కబురంపడానికి చేతులు పడిపోయినాయా?" తెలుగు ఒక్క ముక్క రాకున్నా, అతడు తలవంచుకుని చివరిదాకా విన్నాడు. తల్లి నవ్వుతూ ఏడ్చింది.

నేటికీ దూరం నుండి తిరిగి వచ్చినవారు ముందుగా ఈ సన్నిధికే వస్తారు. హారతికి ముందు, అక్కడున్న ఆడవారిలో పెద్దామె, తెలుగామె అయినా జూలూ ఆమె అయినా, ఆలస్యమైనందుకు తన భాషలో వారిని కడుపారా తిడుతుంది. ఎదురు చెప్పరాదు. ఇక్కడ తిట్లు తిన్నవారు మరుసారి కూడా క్షేమంగా తిరిగి వచ్చి తిట్లు తింటారని భక్తుల విశ్వాసం.