సూది కదలని ముహూర్తం

భద్రావతి పెళ్ళిలో తీయాల్సిన ఒక్క ముఖ్యమైన ఫోటో నా చేతిలోనే పాడైంది. డార్క్‌రూమ్‌లో, డెవలపర్ మందు పోసిన ట్రేలో ఫోటో కాగితం వేసి వంగి చూస్తున్నాను. పెళ్ళికొడుకు భుజం తేలింది. కిందికి దించిన అడ్డుతెర బూడిదరంగులో తేలింది. ఆ తెర వెనక పెళ్ళికూతురి మొహం మాత్రం బొగ్గులా వచ్చింది. ఇంకో కాగితం వేశాను, ఇంకోటి వేశాను. నెగటివ్‌లోనే ఏమీ లేకపోతే కాగితం ఏం చేస్తుంది, నా మొహం!

చీరాలలో జిలానీ మాస్టారి స్టూడియోలో నేను చేరి అప్పటికి ఏడాది. ఆడవాళ్ళ ఫోటోలకి ఆడపిల్ల ఉంటే బాగుంటుందని ఆయన నన్ను తీసుకున్నారు. నేనేమో మూడో నెలకే అంతా వచ్చేసిందనుకున్నాను. ఎందుకంటే మా కెమెరాలో సూది ఉండేది. కంటికి ఆనించి చూస్తే ఒక పక్కన చిన్న సూది ఆడుతుంది. వెలుగెక్కువైతే పైకి, తక్కువైతే కిందికి. లెన్సు కంతని పెంచి తగ్గించే అపర్చర్ తిప్పి, అది తెరుచుకునే సేపు మార్చే షట్టర్ తిప్పి సూదిని మధ్యకి తెస్తే పని అయిపోయినట్టే. ఇంతోటి దానికి ఏళ్ళ తరబడి నేర్చుకోవడమేంటని లోలోపల నవ్వుకునేదాన్ని.

మాస్టారు రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ ఆగి, "అరచెయ్యి చాపమ్మా. ఎంత?" అనేవారు. అంటే, చేతి మీద పడే ఈ వెలుగుకి అపర్చర్ ఎంత, షట్టర్ ఎంత అని. నేను చెయ్యి చాపినట్టే చాపి, ఆయన అటు తిరగ్గానే గబుక్కున కెమెరా ఎత్తి సూది చూసేసి చెప్పేదాన్ని. ప్రతిసారీ సరిపోయేది. ఆయన "ఊఁ" అని నడిచేవారు. నా దొంగతనం ఆయనకి తెలీదనే అనుకున్నాను.

భద్రావతి వాళ్ళది మగ్గం ఇల్లు. వాళ్ళ నాన్న వీరభద్రయ్యగారు పెద్దకూతురి పెళ్ళికని అడ్డుతెర సొంత మగ్గం మీద నేశారు. కళ్ళు జిగేల్మనే తెలుపు. పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ మధ్య దాన్ని పట్టుకున్నారు. నేను పెళ్ళికొడుకు వెనక నిలబడి, ఎదురుగా ఉన్న తెర మీదికి కెమెరా పెట్టి సూదిని మధ్యకి తెచ్చుకున్నాను. అంత తెలుపు చూసి సూది అదంతా ఎండ అనుకుంది. అది చెప్పినట్టు నేను అపర్చర్ బాగా తగ్గించి, మొహానికి కావాల్సిన వెలుగు కూడా ఆపేశాను. జీలకర్ర బెల్లం పెట్టించి తెర దించారు. నొక్కాను. ఎంత గర్వంగా నొక్కానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మాస్టారు ఆ ఫోటో చూసి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. దాన్ని కాగితంలో చుట్టుకుని సైకిలెక్కి వాళ్ళింటికి ఒక్కరే వెళ్ళొచ్చారు.

"ఏమన్నారు మాస్టారూ?" అనడిగాను.

"వీరభద్రయ్య చాలానే అన్నాడు. ఆ అమ్మాయే ఏమీ అనలేదు. ఫోటో తీసుకుని లోపలికెళ్ళిపోయింది."

ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మరుసటేడు రెండోకూతురు రాజ్యం పెళ్ళి కుదిరింది. వీరభద్రయ్యగారు స్టూడియోకి వచ్చి నావైపు చూడనైనా చూడకుండా, "ఈసారి మీరే రావాలి మాస్టారూ," అన్నారు.

"వస్తాను," అన్నారు మాస్టారు.

హమ్మయ్య అనుకున్నాను. బ్యాగు మోసే పనే కదా అని నిశ్చింతగా వెళ్ళాను. తీరా పందిట్లోకి అడుగుపెట్టాక ఆయన కెమెరా తీసి నా మెళ్ళో వేశారు.

"నువ్వు తియ్యి."

"నేనా! వద్దు మాస్టారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. వాళ్ళు మిమ్మల్ని రమ్మన్నారు."

"వచ్చానుగా," అన్నారు. "ముహూర్తం పదీ ఇరవైకి." అంతే, టిఫిన్లు పెట్టేవైపు వెళ్ళిపోయారు.

పగటి పెళ్ళిలో ఫ్లాష్ వాడటం మా మాస్టారికి ఇష్టం ఉండదు, తేలేదు కూడా. పందిరి మీద గుడ్డ, ఆ గుడ్డలోంచి దిగే వెలుగు, అంతే. పైగా వీరభద్రయ్యగారు నా మెళ్ళో కెమెరా చూసి ఆగిపోయారు. ఏదో అనబోయి, చుట్టాలు పిలిస్తే వెళ్ళారు.

అప్పుడొచ్చింది భద్రావతి. చేతిలో మడత పెట్టిన తెర. అదే తెర.

"నా పెళ్ళికి తీసింది నువ్వేగా?" అంది.

"అవునక్కా."

"ఆ ఫోటో మా ఇంట్లో గోడకి పెట్టా. వచ్చినోళ్ళకి మా అత్తగారు అబ్బాయిని చూపిస్తుంది. అమ్మాయేది అనడిగితే, ఏమో, చీకట్లో ఉందంటుంది." నవ్వింది గానీ కళ్ళు నవ్వలేదు. "ఈసారి నా చెల్లెలు. దాన్ని అలా చెయ్యకమ్మా."

ఆవిడ అలా వెళ్ళగానే కెమెరా కంటికి ఆనించాను. సూది కదల్లేదు. కెమెరాని ఊపాను. పందిరి బయట ఎండ మీదికి తిప్పాను. సూది అడుగున పడుకునే ఉంది. సూదిని ఆడించే బ్యాటరీ సెల్ ఉండే మూత తిప్పి చూద్దును కదా, లోపల ఖాళీ.

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. మాస్టారు ఆకు ముందు కూర్చుని ఇడ్లీ తింటున్నారు.

"మాస్టారూ, కెమెరాలో సెల్ లేదు! ఎవరో తీసేశారు!"

"నేనే తీశా," అని ఎడంచేత్తో చొక్కా జేబు తట్టి చూపించారు. "అది లేకపోతే సూది ఆడదు గానీ షట్టర్ ఆడుతుంది. చట్నీ బాగుంది, నువ్వు తిన్నావా?"

"ఇచ్చెయ్యండి మాస్టారూ. అక్కడ తెర పట్టుకుంటున్నారు."

ఆయన ఇంకో ముక్క తుంచుకున్నారు. ఆయన మీద అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. ముసలాయనకి మతిపోయింది, నా బతుకు బజారున పెట్టేదాకా ఊరుకోడనుకున్నాను. ఏడుపు తన్నుకొచ్చింది.

"తప్పొస్తే?" అన్నాను.

"సూది ఉన్నప్పుడూ తప్పొచ్చిందిగా."

ఆయన ఎడంచేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. నా పిడికిలి బిగిసిపోయి ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, అరచేతిని వెలుగుకి తిప్పి వదిలేశారు.

"వెళ్ళు."

వెళ్ళాను. పంతులుగారి గొంతు పెరుగుతోంది. తెర లేచింది, ఒక చివర భద్రావతి పట్టుకుంది. రాజ్యం దాని వెనక ఉంది, నాకు కనబడదు. పెళ్ళికొడుకు వెనక నిలబడి అరచెయ్యి నావైపు తిప్పుకుని ముందుకి చాపాను. ఏడాదికి పైగా అదే చెయ్యి చాపుతున్నాను కానీ ఒక్కసారీ దాన్ని చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు చూశాను. గీతలన్నీ కనిపిస్తున్నాయి గానీ వేళ్ళ మధ్య నీడ మెత్తగా ఉంది. బొటనవేలి వైపు, పందిరి అంచు వైపు, కొంచెం ఎక్కువ వెలుగు. ఎక్కడో చూశాను ఈ వెలుగు. గడియార స్తంభం దగ్గర బట్టలకొట్టు ముందు, పరదా కింద. అక్కడ మాస్టారు "ఎంత?" అన్నారు. నేను దొంగతనంగా చూసి చెప్పిన జవాబు, షట్టర్ అరవై, అపర్చర్ నాలుగు.

అవునా? అదేనా? అడగడానికి ఎవరున్నారు!

అరవై, నాలుగు తిప్పాను. వేలు బటన్ మీద పెట్టాను, తీశాను. రాజ్యం చామనఛాయ పిల్ల. అరచెయ్యి ఎవరికైనా తెల్లగానే ఉంటుంది, మొహం అలా కాదు, దానికి ఇంకాస్త వెలుగు కావాలి. తెర వంక చూడబుద్ధేసింది, చూడలేదు. అపర్చర్ ఇంకో మెట్టు తెరిచాను. తెరిచాక భయమేసింది. మళ్ళీ మూద్దామా అనుకునేలోపు "గట్టిమేళం!" అని కేకేశారు.

తెర దిగింది. నొక్కాను.

ఆ తర్వాత తాళి, తలంబ్రాలు, అప్పగింతలు అన్నీ తీశాను. ఏది ఎలా తీశానో నన్నడక్కండి. నా ప్రాణమంతా ఆ ఒక్క నొక్కుడు మీదే ఉంది. సాయంత్రం స్టూడియోకి వచ్చి ఫిల్ము కడిగి ఆరబెట్టి, డార్క్‌రూమ్‌లో ఎర్రలైటు కింద ట్రేలో కాగితం వేశాను. కళ్ళు మూసుకున్నాను. ధైర్యం చాలక అలాగే నిలబడ్డాను.

"కాగితం ఎక్కువసేపు ఉంచితే పాడవుతుంది," అన్నారు మాస్టారు తలుపు అవతలి నుంచి.

కళ్ళు తెరిచాను. రాజ్యం నన్నే చూస్తున్నట్టుంది. బాసికం కింద కనుబొమ్మలు, రెప్పల వెంట్రుకలు, జీలకర్ర బెల్లం అంటుకున్న చెయ్యి. భోరుమని ఏడ్చాను.

మర్నాడు ఆ ఫోటో పట్టుకుని ఇద్దరం వీరభద్రయ్యగారింటికి వెళ్ళాం. ఆయన చూసి పెద్దకూతురి చేతికిచ్చారు. భద్రావతి గుమ్మం దగ్గర వెలుగులోకి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. ఏమైనా తప్పుందా అనుకున్నాను.

ఆవిడ వేలు చెల్లెలి మొహం మీద లేదు. పక్కన, తెర అంచు పట్టుకుని చెల్లెల్ని చూసి నోరారా నవ్వుతున్న మనిషి మీద ఉంది. తీసేటప్పుడు నేను ఆ మనిషిని చూడనే లేదు.

"అత్తయ్యా," అని పిలిచింది లోపలికి, పెళ్ళికొచ్చి ఇంకా అక్కడే ఉన్న అత్తగారిని. "ఒకసారి ఇలా రండి. ఇదిగో, నేను."

బయటికొచ్చాక మాస్టారు సైకిలు స్టాండు తీశారు. మళ్ళీ వేశారు. చొక్కా జేబులోంచి సెల్ తీసి నా అరచేతిలో పెట్టారు.

"ఇప్పుడు వేసుకో," అన్నారు.