ఏడుగురు పండితులు కొలిచిన చెప్పులు

ఒకానొక రాజ్యం ఉండేది. ఎంత పెద్దదంటే, తూర్పు పొలిమేరలో తుమ్మిన ఈగ చప్పుడు పడమటి పొలిమేరకు చేరేలోగా ఆ ఈగకు మునిమనవలు పుట్టేవారు. దాన్ని ఏలే మార్తాండభూపతికి తన గొప్ప అంతకన్నా పెద్దది.

ఆయన కొలువులో విదూషకుడు సోమన. శత్రు సేనాపతిని నవ్వించి నవ్వించి గుర్రం మీంచి దొర్లించి, కత్తి దూయకుండానే యుద్ధం గెలిచిన ఘనుడు. అంతటి సోమన పది నెలలుగా ఒక్క హాస్యమూ ఆడలేదు.

కారణం ఊరందరికీ తెలుసు. తన మేడ మీంచి చూస్తే బడి కీర్తిలా మెరవాలని రాజు దాన్ని ఏటి అవతలి గుట్ట మీదికి మార్పించాడు. విద్యాపరిషత్తులోని ఏడుగురు పండితులూ తలలూపారు. కిందటి శ్రావణంలో బడినుంచి తిరిగొస్తూ సోమన మనవరాలు నాంచారి ఆ ఏట్లో కొట్టుకుపోయింది. తొమ్మిదేళ్ల పిల్ల.

మళ్లీ వానలు దగ్గరపడ్డాయి. బడి గుట్ట మీదే ఉంది. "పిల్లల్ని పిలిచి ఒక్క మాట అడగండయ్యా" అని సోమన పరిషత్తు గడప తొక్కాడు.

"గడ్డం నెరవనివాడికి ఇక్కడ చోటు లేదు. పిల్లకాయలకేం తెలుసునోయ్?" అని పెద్దపండితుడు సర్వేశ్వరశాస్త్రి తలుపు వేయించాడు.

ఇంతలో పట్టాభిషేకపు పండుగ వచ్చింది. ఏటా ఆ రోజున రాజు కొత్త కిర్రుచెప్పులు తొడుక్కుని కొలువు చుట్టూ మూడుసార్లు తిరగాలి. మధ్యలో విప్పితే రాజ్యానికి అరిష్టం. చెప్పులు కుట్టే వీరన్న బంకమట్టి మీద రాజుగారిచేత అడుగు వేయించి కొలత తీసుకునేవాడు.

"ఏలినవారి పాదం మట్టి తొక్కడమేమిటి ప్రభూ?" అన్నాడు సోమన. "ఏడుగురు పండితులున్నారు కదా! కొలత వాళ్లే తేలుస్తారు."

రాజు పొంగిపోయాడు. "భేష్! నా పాదానికి తగిన మాట ఇది!"

పండితులు మూడు రోజులు వాదించారు. రాజపాదం లోకాలు దాటగలది కనుక పడవంత పొడుగని నలుగురు. పద్మం కనుక మొగ్గంత సుకుమారమని ముగ్గురు. చివరికి రాజీపడి, పొడవు పడవంత, వెడల్పు మొగ్గంత అని ఖాయం చేశారు.

మొదటి చుట్టుకే రాజుగారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండో చుట్టుకు నాలుగుసార్లు బోర్లాపడ్డారు. మూడోది ముగించి ఆయన పెట్టిన కేకకు ఆకాశంలో పోతున్న కొంగలబారు దారి తప్పింది.

"ఎవర్రా ఇవి కొలిచింది?"

"తమ పండితులే ప్రభూ."

"నా కాలు చూడొద్దూ? ఒక్కమాట నన్నడగొద్దూ?"

"కాలికేం తెలుసు ప్రభూ? దానికి గడ్డమైనా లేదు. రోజూ నడవడం తప్ప ఏమీ రాదు."

కొలువు గొల్లుమంది. రాజు కూడా పగలబడి నవ్వి, చేతి కంకణం తీశాడు. "పది నెలలకు నోరు విప్పావు సోమనా! తీసుకో!"

సోమన చెయ్యి చాపలేదు. "ఇది వద్దు ప్రభూ. పరిషత్తులో రెండు చాపలు వేయించండి. ఇద్దరు బడిపిల్లలు కూర్చుంటారు. తీర్పు తమదే. ఏరు దాటేది వాళ్లు గనక, ఎక్కడ భయమో చెబుతారు. అంతే."

"రెండు చాపలేనా! ఇప్పుడే వేయండి!" అన్నాడు రాజు, నవ్వు ఆపుకోలేక.

ఇద్దరు పిల్లలు వచ్చి కొలువులోనే పండితుల పక్కన ముడుచుకుని కూర్చున్నారు. "ఏమ్మా, ఏటి సంగతి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అని రాజు వాళ్లలో పెద్దదైన లచ్చిని అడిగాడు.

"చెప్పాం రాజుగారూ. ఏరు ఎర్రబడితే కాసేపట్లో పొంగుతుందని, ఆ పూట బడి తొందరగా వదలమని. మా అందరికంటే ముందు నాంచారే చెప్పింది. ఈ శాస్త్రిగారే తలుపేసుకున్నారు."

రాజు నవ్వు ఆగిపోయింది. శాస్త్రి తల దించుకున్నాడు.

మార్తాండభూపతి సింహాసనం దిగాడు. వట్టికాళ్లతో కుంటుతూ వచ్చి లచ్చి ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"మొదటినుంచీ చెప్పు తల్లీ."

తొలకరి పడకముందే బడి ఏటికి ఇవతల లేచింది. తెరిచిన రోజున సోమన పిల్లలకొక హాస్యం చెప్పాడు. వాళ్లు నవ్విన నవ్వుకు కొత్త పెంకులు నలభై జారిపడ్డాయంటారు. చెప్పినవాడు మాత్రం ఏటి ఒడ్డుకు వెళ్లి నీళ్ల రంగు చూసి వచ్చాడు.