నిలబడితే ఆగిపోయే జీపు

వన్నూరప్ప మూడుసార్లు బాగుచేసి పంపిన జీపు నాలుగోసారి రైలు పట్టాల మీద ఆగిపోయింది.

ఆ జీపు కొట్రేశప్పది. ఆయన భార్య శరణమ్మకు మూత్రపిండాలు పనిచేయవు. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించడానికి ఆమెను ఆ జీపులోనే ఆసుపత్రికి తీసుకెళ్తాడు. ఆ రోజు గుంతకల్లు అవతల రైల్వే గేటు దగ్గర, ముందు పోతున్న గడ్డి ట్రాక్టరు నిదానించింది. కొట్రేశప్పా నిదానించాడు. అంతే, జీపు ఒకసారి ఎగపోసి పట్టాల నడుమ ఆగిపోయింది. తాళం తిప్పితే పలకలేదు. ట్రాక్టరు మీది కూలీలు దూకి వచ్చి తోశారు. గేటు కాసే ఆయన కూడా వచ్చి భుజం పెట్టాడు. శరణమ్మకు దిగే శక్తి లేదు గనక లోపలే కూర్చుని ఉంది.

ఎవరికీ ఏమీ కాలేదు. జీపు అవతలికి చేరిన పావుగంటకు గూడ్సు బండి పోయింది.

మర్నాడు పొద్దున కొట్రేశప్ప జీపును షెడ్డు ముందర పెట్టి, తాళంచెవి బల్ల మీద ఉంచాడు. అరవలేదు.

"వన్నూరప్పా, నీకు రాకపోతే రాదని చెప్పు. ఇంకోచోట చూపిస్తా. ఎల్లుండి మళ్ళా ఆమెను తీసుకపోవల్ల."

తిట్టి ఉంటే బాగుండేది. పదిహేడేళ్ళుగా ఈ పనిలో ఉన్నవాడు వన్నూరప్ప. బళ్ళారి నుంచి కూడా పాత బళ్ళు వెతుక్కుంటూ అతని దగ్గరకే వస్తాయి. ఈ జీపుకు కార్బొరేటర్ విప్పి పెట్రోలుతో కడిగాడు. సన్నని రంధ్రాలన్నీ గాలి కొట్టి ఊదాడు. ప్లగ్గులు మార్చాడు. షెడ్డులో నిలబెట్టినప్పుడు ఇంజిన్ ఆగకుండా బాగానే తిరిగేది. రోడ్డెక్కిన రెండోనాడో మూడోనాడో మళ్ళీ మొదలు.

మూడోసారి ఏం చేయాలో తోచక స్క్రూ పెంచి పంపాడు. బండి నిలబడినప్పుడు ఇంజిన్ ఎంత వేగంతో తిరగాలో ఆ స్క్రూ నిర్ణయిస్తుంది. పెంచితే ఇంజిన్ కాస్త వేగంగా తిరుగుతుంది, తొందరగా ఆగిపోదు. జబ్బు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. అది వన్నూరప్పకు తెలుసు. తెలిసే పెంచాడు.

ఈ జబ్బు ఏమిటో చెప్పగలిగిన మనిషి ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. రెండు వీధుల అవతలే, అతనికి పని నేర్పిన ఉస్తాదు. ఆ వీధిలోకి వన్నూరప్ప పోయి ఎనిమిదేళ్ళయింది.

మెకానిక్కుల బజారులో ఒక ఆచారం ఉంది. శిష్యుడు సొంత షెడ్డు పెట్టుకుంటే, మొదటి బండిని ఉస్తాదు వచ్చి తన చేత్తో స్టార్ట్ చేయాలి. ఆ తర్వాతే శిష్యుడు పానా పట్టుకోవాలి. వన్నూరప్ప షెడ్డు తెరవబోయే ముందురోజు ఉస్తాదు ఇమాం సాబు భార్య ఖైరున్‌బీని అనంతపురం ఆసుపత్రిలో చేర్చారు. తొమ్మిదేళ్ళు వన్నూరప్పకు మధ్యాహ్నం అన్నం పెట్టిన తల్లి ఆమె.

ఇమాం సాబు అక్కడి నుంచి కబురు పంపాడు. "రెండు దినాలు ఆగమను. వస్తా."

ముహూర్తం పెట్టేశారు. పందిరి వేసేశారు. చుట్టాలు దిగేశారు. వన్నూరప్ప ఆగలేదు. మొదటి బండిని తనే స్టార్ట్ చేసుకున్నాడు.

వారం తిరిగేసరికి ఖైరున్‌బీ పోయింది. ఏ మొహం పెట్టుకుని పోవాలని మొదటి రోజు పోలేదు. రెండో రోజు ఇంకా కష్టమైంది. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన నాటికి, ఇక పోకపోవడమే సులువైంది. అప్పటి నుంచి ఆ వీధి మొగలో నుంచి పోవలసి వస్తే మోటారుసైకిలు వేగం పెంచి పోయేవాడు.

ఈ పొద్దు జీపు తీసుకుని ఆ వీధిలోకే తిరిగాడు. దారంతా యాక్సిలేటర్ మీద నుంచి కాలు తియ్యలేదు. తీస్తే ఆగిపోతుంది.

ఇమాం సాబు షెడ్డు తలుపులు మూసే ఉన్నాయి. ముందు, ఏదో పాత జీపు నుంచి ఊడదీసిన సీటు మీద ఆయన కూర్చుని ఉన్నాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. చేతిలోని టీ గ్లాసు సన్నగా వణుకుతోంది. వన్నూరప్ప మొహం వైపు చూడలేదు. బానెట్ వైపు చూశాడు.

"స్క్రూ ఎవరు పెంచినారు?"

"నేనే ఉస్తాద్."

"దించు."

"దించితే ఆగిపోతాది ఉస్తాద్."

"ఆగనీ."

వన్నూరప్ప బానెట్ ఎత్తి స్క్రూను పాత చోటికి దించాడు. సీట్లో కూర్చుని స్టార్ట్ చేశాడు. ఇంజిన్ తడబడగానే కాలు దానంతటదే కిందికి నొక్కేసింది.

"కాలు తియ్యి," అన్నాడు ఇమాం సాబు.

తీశాడు. జీపు ఆగిపోయింది.

"ఎట్ల ఆగింది?"

"ఎట్ల ఆగేదేముంది ఉస్తాద్, ఆగిపోయింది."

"నువ్వు విన్లేదు. మళ్ళా."

మళ్ళీ స్టార్ట్ చేశాడు. మళ్ళీ ఆగింది. మళ్ళీ అదే ప్రశ్న. నాలుగోసారికి వన్నూరప్ప చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఇమాం సాబు టీ అయిపోయింది.

"ఇట్ల ఆపుకుంటా కూచుంటే బ్యాటరీ దిగిపోతాది ఉస్తాద్."

"దిగితే తోద్దాంలే. నిన్న ఆయప్ప తోపించుకోలేదా?"

పట్టాల సంగతి ఆయన దాకా వచ్చేసిందన్నమాట. వన్నూరప్ప తల దించుకున్నాడు.

"ఇన్నేండ్లు బండ్లు చేసినావు," అన్నాడు ఇమాం సాబు, గ్లాసు పక్కన పెడుతూ. "ఒక్కదాన్నన్నా నీ ముందర ఆగనిచ్చినావా? ఆగేటట్లుంటే చాలు, కాలేసి తొక్కుతావు. అది ఏం చెప్పి ఆగుతాందో వినేదెప్పుడు?"

ఈసారి వన్నూరప్ప స్టార్ట్ చేసి, కాలు తీసి, గబగబా దిగి బానెట్ దగ్గరికి వచ్చి కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

ఇంజిన్ కాసేపు తడబడింది. ఆగిపోయే ముందు, ఎవరూ తొక్కకుండానే, దాని వేగం కాస్త పైకి లేచింది. పడింది. మళ్ళీ లేచింది. ఎక్కడో సన్నగా, వేడి టీ జుర్రుకున్నట్టు ఒక చప్పుడు. తర్వాత ఆగింది.

"ఆగే ముందర రేసు దానంతటదే లేస్తాంది," అన్నాడు వన్నూరప్ప మెల్లగా. "యాడనో గాలి పీలుస్తాంది."

ఇమాం సాబు భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు. "తడుపుకోనిరా."

వన్నూరప్ప బకెట్టులో తడిపి తెచ్చి, జీపు మళ్ళీ స్టార్ట్ చేసి, ఆ తువ్వాలును కార్బొరేటర్ ఇంజిన్‌కు ఆనే పాదం చుట్టూ చుట్టాడు. జుర్రుడు చప్పుడు ఆగింది. ఇంజిన్ కుదుటపడింది. నిదానంగా, ఆగకుండా తిరుగుతూ ఉంది.

ఇది అర్థం కావాలంటే ఒక సంగతి తెలియాలి. పాత బళ్ళలో పెట్రోలునూ గాలినీ కొలత ప్రకారం కలిపి ఇంజిన్‌కు అందించేది కార్బొరేటర్. బండి పరుగెత్తేటప్పుడు ఇంజిన్ గంపెడు గాలి తీసుకుంటుంది. ఏదో సందులోంచి ఇంకో పిడికెడు దొంగగాలి చేరినా తెలియదు. బండి నిలబడినప్పుడు ఇంజిన్‌కు కావలసిందే పిడికెడు. అప్పుడు ఆ దొంగగాలి ఎక్కువై, కొలత తప్పి, ఊపిరి ఆగిపోతుంది. అందుకే పరుగులో ఈ జబ్బు కనిపించదు.

"పాదం కింద ప్యాకింగ్ కొత్తదేసినా ఉస్తాద్. మూడు తూర్లూ కొత్తదే."

"బిగించిందెట్ల?"

వన్నూరప్ప కార్బొరేటర్ బోల్టుల వైపు చూశాడు. "గట్టిగా. పోయిన తూరికంటే ఈ తూరి ఇంకొంచెం గట్టిగా."

"విప్పు."

విప్పాడు. ఇమాం సాబు కార్బొరేటర్ పాదం మీద స్టీలు స్కేలు అడ్డంగా నిలబెట్టి, ఆకాశం వైపు ఎత్తి చూపించాడు. చేతులు వణుకుతున్నా కనిపించవలసింది కనిపించింది. రెండు చివర్లూ స్కేలుకు ఆనుకున్నాయి. మధ్యలో, గోరు మందాన, వెలుతురు.

"మొదటి తూరి చెత్త అడ్డం పడి ఆగింటాది. కడిగితివి, సరిపాయ. అంతటితో సరిపోయేది. తర్వాతదంతా నువ్వు బిగించి బిగించి, పాదం వంచి తెచ్చింది."

పట్టాల నడుమ దిగలేక కూర్చున్న శరణమ్మ వన్నూరప్ప కళ్ళ ముందు మెదిలింది.

ఇమాం సాబు లేచి, తలుపు తీసుకుని లోపలికి పోయి, గుడ్డలో చుట్టిన ఒక గాజు పలక తెచ్చాడు. దాని మీద గరుకు కాగితం పరిచాడు. వంగిన పాదాన్ని దాని మీద గుండ్రంగా, నిదానంగా రుద్దుతూ పోతే ఎత్తుగా ఉన్నచోట అరిగి మళ్ళీ సమంగా అవుతుంది. వన్నూరప్పకు ఆ పని ఇక్కడే నేర్పారు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చేయలేదు. అంత ఓపిక అవసరం రాలేదనుకున్నాడు.

రుద్దుతూ ఉండగా కాగితం కొద్దిగా జరిగింది. గాజు మూల కనిపించింది. కొంచెం విరిగిన మూల, దాని పక్కన వెలిసిపోయిన గులాబీ పువ్వు బొమ్మ.

వన్నూరప్ప చేయి ఆగింది. తొమ్మిదేళ్ళు ప్రతి పొద్దునా దాని ముందే తల దువ్వుకున్నాడు. వెనక నుంచి ఖైరున్‌బీ అనేది, "పనికొచ్చినావా, పెండ్లిచూపులకొచ్చినావా రా?"

"ఇది అమ్మ అద్దం గదా ఉస్తాద్."

"ఊ. రసమంతా పోయింది. గాజు మాత్రం సాపుగానే ఉండాది. రుద్దు."

రుద్దాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఆసుపత్రిలో... అమ్మ నా మాటేమన్నా ఎత్తెనా?"

ఇమాం సాబు స్కేలు ఆనించి చూశాడు. "ఇంకా కొంచెం ఉండాది," అన్నాడు. తర్వాత చెప్పాడు.

"నువ్వు షెడ్డు తెరిచినావని ఆమెకు చెప్తి. మొగం ఏ పక్కకు అని అడిగె. పడమటికి అంటి. 'అట్లయితే మధ్యాహ్నం నుంచి ఎండ వాని మొగానే కొడ్తాది. ముందర రేకు దించుకోమని చెప్పు' అనె."

వన్నూరప్ప షెడ్డు పడమటి మొగమే. ఎనిమిదేళ్ళుగా మూడు దాటితే ఒక చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో పని చేసుకుంటున్నాడు.

"నాకు చెప్పలేదే ఉస్తాద్."

"చెప్పల్లనే వీధి మొగలోకి వచ్చి నిలబడుకుంటి, రెండు తూర్లు. నువ్వు రేసు పెంచుకోని పోతివి."

మళ్ళీ స్కేలు ఆనించారు. ఈసారి మధ్యలో వెలుతురు లేదు.

వన్నూరప్ప కొత్త ప్యాకింగ్ వేసి బిగించాడు. పానాను పిడికిలితో కాదు, రెండు వేళ్ళతో పట్టుకుని. స్టార్ట్ చేశాడు. కాలు తీసేశాడు. ఇమాం సాబు ఖాళీ టీ గ్లాసులో నీళ్ళు పోసి ముందు చక్రం పైని రెక్క మీద పెట్టాడు. నీళ్ళు సన్నగా అదిరాయి, తొణకలేదు. జీపు నిలబడే ఉంది, ఆగలేదు.

"తీసుకపో. ఆయప్పకు ఇచ్చెయ్యి."

వన్నూరప్ప పోలేదు. తాళం తిప్పి ఇంజిన్ ఆపాడు. దిగి వచ్చి, తాళంచెవిని రెండు చేతులా పట్టుకుని ఉస్తాదు ముందు నిలబడ్డాడు.

"నా షెడ్డులో మొదటి బండి ఇంకా స్టార్ట్ కాలేదు ఉస్తాద్."

ఇమాం సాబు ఆ తాళంచెవిని చాలాసేపు చూశాడు. తీసుకోలేదు. అద్దాన్ని తిరిగి గుడ్డలో చుట్టాడు. చివరి ముడి వేళ్ళకు చిక్కక రెండుసార్లు జారింది.

"ఈ బండి ముందు ఆయమ్మను ఆసుపత్రికి తీసుకపోయి రానీ," అన్నాడు. "రెండు దినాలు ఆగు. వస్తా."

ఆ సాయంత్రం వన్నూరప్ప షెడ్డులో పడమటి ఎండ నేరుగా మొహాన పడింది. అమ్మ దించుకోమన్న రేకు ఇంకా లేదు, అయినా అతను చేయి అడ్డం పెట్టుకోలేదు.